పిడికెడు సజ్జల పుణ్యం

ఈ రోజుల్లో బంగారం కొనలేం. కందిపప్పు కొనాలన్నా రెండుసార్లు ఆలోచించాలి. చవగ్గా దొరుకుతున్నది ఒక్క పుణ్యమే. నమ్మరా? పిడికెడు సజ్జలు పట్టుకెళ్ళి నెమలి ముందు చల్లండి. లేదా శ్రీశైలం వెళ్తూ కారు అద్దం దించి, అరడజను అరటిపళ్ళు కోతుల మధ్యకి గిరాటెయ్యండి. పుణ్యానికి పుణ్యం, ఫోటోకి ఫోటో! ఇవాళ నా పోట్లాటంతా ఈ చవక పుణ్యం మీదే. చదివే అక్కలకీ, వదినలకీ కోపం వస్తే రానివ్వండి. కాని చివరిదాకా చదివి మరీ కోప్పడండి.

మేముండేది మోతీనగర్‌లో. చెప్పుకోడానికి జూబిలీహిల్స్‌కి కూతవేటు దూరమే గాని, అక్కడివి బంగళాలు, ఇక్కడివి మా రెండు గదుల వాటాలు. అయితేనేం, ఆ బంగళాల వాళ్ళకీ మాకూ ఉమ్మడి ఆస్తి ఒకటుంది. అదే కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం. మనం ముద్దుగా కె.బి.ఆర్. పార్కు అంటాం. ఎర్రగడ్డ దాకా ఆటో, అక్కణ్ణించి మెట్రో, అమీర్‌పేటలో రైలు మారి చెక్‌పోస్టు దగ్గర దిగితే ఆట్టే దూరం లేదు. ఆదివారంపూట నా మోకాళ్ళ నొప్పులకి అదే మందు.

మొన్న గుడివాడ నించి మా వదినగారు వచ్చారు. మా వారికి అక్కగారు. "అక్కడికి సినిమావాళ్ళు నడవడానికి వస్తారటగా అమ్మాయ్, నేనూ వస్తా" అన్నారు. సరేనని బయల్దేరదీశాను. తారలెవరూ కనబడలేదు గాని, బండరాళ్ళ వెనకనించి ఓ మగనెమలి తోక ఈడ్చుకుంటూ దర్జాగా వచ్చింది. వదినగారి మొహం చేటంతయింది. చటుక్కున చేతిసంచీలోంచి పొట్లం తీసి, దోసిలి నిండా సజ్జలు పోసుకున్నారు. ఇంటిదగ్గరే సిద్ధం చేసుకుని వచ్చారన్నమాట!

"అమ్మా, గింజలు ఎయ్యొద్దమ్మా!" అంటూ కాపలా అతను పరుగెత్తుకొచ్చాడు.

"నీ సొమ్మేం పోయిందయ్యా? మూగజీవానికి నాలుగు గింజలేస్తే తప్పా?" అన్నారు వదినగారు.

అతను నావంక చూశాడు. వదినగారూ నావంకే చూశారు. ఆడబిడ్డ ఒకవైపు, న్యాయం ఒకవైపు! కాపరానికొచ్చిన పాతికేళ్ళలో మొదటిసారి నేను ఆడబిడ్డకి ఎదురు చెప్పాను. "అతనన్నదే నిజం వదినా, పొట్లం లోపల పెట్టెయ్యండి" అన్నాను. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా మా మధ్య జరిగిన వాదమే ఈ వ్యాసం.

"పార్కుకి వచ్చి పక్షికి తిండి పెట్టకపోతే ఇంకెందుకు రావడం?" అన్నది ఆవిడ మొదటి ప్రశ్న. ఈ 'పార్కు' అన్న మాటే మన కొంప ముంచింది సుమండీ! ఇందిరా పార్కూ పార్కే, సంజీవయ్య పార్కూ పార్కే, ఇదీ పార్కే అనుకుంటున్నాం. కాదు. 1998లో ప్రభుత్వం దీన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించింది. అంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీనికీ, నల్లమల అడవిలో పులి తిరిగే చోటుకీ ఒకటే గౌరవం. లోపల నెమళ్ళే కాదు; అడవిపిల్లులు, పునుగుపిల్లులు, ముళ్ళపందులు, అలుగులు ఉన్నాయి. నిజాంగారి వంశంవాళ్ళ చిరాన్ ప్యాలెస్ కూడా ఆ చెట్ల మధ్యనే ఉంది. రాజుగారి కోటే అడవిలో అతిథిలా ఒదిగి ఉంటే, టిక్కెట్టు కొనుక్కుని గంటసేపు నడిచి పోయే మనం యజమానురాళ్ళమా? ఇది వాటి ఇల్లు. నడవడానికి మనకో దారి ఇచ్చారు, అంతే. పేరంటానికి వెళ్ళినవాళ్ళు తాంబూలం పుచ్చుకుని రావాలి గాని, వంటింట్లో దూరి పొయ్యి మీద గిన్నె దించుతారా?

"పాపం, ఆకలితో ఉన్నాయే!" ఇది రెండో మాట. మీకెవరు చెప్పారు, నెమలి చెప్పిందా? నెమలి గింజలూ తింటుంది, పురుగులూ తింటుంది, బల్లుల్నీ చిన్నచిన్న పాముల్నీ కూడా తింటుంది. రోజంతా కాలితో ఆకులు కెలుక్కుంటూ ఏరుకు తినడమే దాని ఉద్యోగం. మనం ఒక్కచోట కుప్పపోస్తే ఆ ఉద్యోగం మానేసి అక్కడే కాచుక్కూచుంటుంది. పది పక్షులు ఒకేచోట మూగితే ఒకదాని జబ్బు పదింటికీ. మిగిలిన గింజలకి ఎలకలొస్తాయి, ఎలకల కోసం పాములొస్తాయి, నడిచే దారిలో పాము కనబడగానే "అధికార్లు ఏం చేస్తున్నారు?" అని మనమే అరుస్తాం. మన పిల్లాడికి రోజూ అన్నం ముందు చాక్లెట్లు పెట్టి, వాడు అన్నం తినడం లేదని ఏడిస్తే ఎవరిది తప్పు?

"తరతరాల ఆచారమమ్మా, చీమలకి చక్కెర వెయ్యమన్నారు, కాకికి ముద్ద పెట్టమన్నారు." ఇది మూడోది. వెయ్యండి వదినా, ఎవరొద్దన్నారు? మీ గోడమీది కాకి మనతో కలిసి బతికే కాకి. మీ వాకిట్లో ముగ్గు పిండి తినే చీమ మీ ఇంటి చీమ. అడవిలో ఉన్నవి మన మీద ఆధారపడి బతికేవి కావు, బతక్కూడదు కూడా. పెద్దలు కాకిని పిలిచి ముద్ద పెట్టమన్నారు గాని, అడవికెళ్ళి చిరుతకి విస్తరి వెయ్యమనలేదు.

"ఒక్క పిడికెడుకే కొంప మునుగుతుందా?" అని నాలుగోది. మునగదు. కాని మీ వెనకాల వచ్చేవాళ్ళందరి చేతిలోనూ తలో పిడికెడు ఉంది. ఆ పిడికెళ్ళన్నీ కలిస్తే ఏమవుతుందో చూడాలంటే శ్రీశైలం దారికి రండి. మన్ననూరు దాటి, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోంచి దోమలపెంట దాకా రోడ్డు వారగా వరసకట్టి కూచున్న కోతుల్ని చూడండి. రావిపళ్ళూ మేడిపళ్ళూ తిని, ఆ విత్తనాల్ని అడవంతా చల్లే జీవాలవి. ఒకవిధంగా అడవికి తోటమాలులు. ఇవాళ వాటి పని, ఏ కారు అద్దం దిగుతుందా అని చూడటం. అరటిపండు రోడ్డు మధ్యలో పడితే పిల్లకోతి పరుగెత్తుతుంది. వెనకాల వచ్చే బస్సుకి బ్రేకు పడొచ్చు, పడకపోవచ్చు. పుణ్యం మూటగట్టుకున్న కారు అప్పటికి మలుపు తిరిగిపోయి ఉంటుంది.

అలవాటుపడ్డ కోతి అడగదు, లాక్కుంటుంది. అడవి వదిలి ఊళ్ళ మీద పడుతుంది. తెలంగాణ పల్లెల్లో మొక్కజొన్న వేసిన రైతునీ, పెరట్లో బీరపాదు పెట్టుకున్న అమ్మనీ అడగండి, కోతుల బాధేమిటో చెబుతారు. అడవులు తరిగిపోవడం అందుకు పెద్ద కారణమే, కాదనను. మన అరటిపళ్ళు కూడా దానికి తోడయ్యాయి. చివరికి 2020 డిసెంబరులో నిర్మల్ దగ్గర చించోలిలో కోతులకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసే కేంద్రం తెరవాల్సి వచ్చింది. నవ్వుకోకండి. పండు మనం పెట్టాం, కత్తి వాటికి పెడుతున్నాం.

ఇందులో చోద్యం ఇంకొకటుంది. మా పెద్దక్క కొడుకు అమెరికాలో ఉంటాడు. ఆమధ్య ఎల్లోస్టోన్ చూసొచ్చి ఫోటోలు పంపాడు. 1872లో ఏర్పడింది అది. ప్రపంచంలో జాతీయ ఉద్యానవనాలకి పెద్దమ్మ లాంటిది. "ఎలుగుబంటికీ తోడేలుకీ 100 గజాల దూరంలో ఉండాలి పిన్నీ, మిగతా జంతువులకి 25 గజాలు. తిండి పెడితే జరిమానా!" అని గొప్పగా చెప్పాడు. వాళ్ళూ పుట్టు తెలివిమంతులేం కాదు లెండి. ఒకప్పుడు అక్కడా కార్లాపి ఎలుగుబంట్లకి తినిపించేవాళ్ళు, చెత్తకుప్పల దగ్గర అవి తింటూంటే వేడుకగా చూసేవాళ్ళు. 1931 నించి 1969 దాకా సగటున ఏడాదికి 48 మంది వాటి చేతుల్లో గాయపడ్డారు. అలవాటు పడ్డ ఎలుగుల్ని ఎన్నిట్నో చంపాల్సొచ్చింది. అప్పుడు కుప్పలు మూసి, తిండి పెట్టడం మాన్పించారు. సరే, అంత పాఠం చెప్పిన మా వాడు పోయిన వేసవిలో ఇక్కడికొచ్చి శ్రీశైలం బయల్దేరాడు. మొదటి మలుపులోనే, "పిన్నీ, కోతులు! బిస్కట్లున్నాయా?" అన్నాడు. అక్కడ జరిమానాకి ఉన్న భయం ఇక్కడ అడవికి లేదు!

ఇంతవరకూ నవ్వుతూ చెప్పాను. ఇప్పుడు చెప్పబోయేది నవ్వే మాట కాదు.

చాలా ఏళ్ళ క్రితం అలిపిరి నించి కాలినడకన తిరుమల ఎక్కాం. దారిలో జింకలు కనబడితే కీరాముక్కలు కొని మా అమ్మాయి చేతికిచ్చాను. అది భయపడుతూ చెయ్యి చాచింది, జింక వచ్చి అందుకుంది. మా వారు ఫోటో తీశారు. ఆ ఫోటో ఏళ్ళ తరబడి మా ముందుగదిలో గోడకి వేలాడింది. వచ్చినవాళ్ళందరికీ మురుసుకుంటూ చూపించాను.

ఆ శేషాచలం కొండల్లో 1989 నించి శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం ఉంది. 2023 జూన్‌లో ఆ నడకదారిలో ఓ పసివాణ్ణి చిరుత నోట కరుచుకుని వదిలేసింది. దేవుడి దయవల్ల వాడు బతికాడు. ఆగస్టు 11 రాత్రి ఆరేళ్ళ పిల్లని ఎత్తుకుపోయింది. మర్నాడు పొద్దున్న ఆ పిల్ల శవమై దొరికింది. స్వామి దర్శనానికని బయల్దేరిన పిల్ల!

ఆ తల్లిదండ్రుల్ని తప్పుపట్టే నోరు ఎవరికీ ఉండకూడదు. ఆ చావుకి కారణం ఇదొక్కటేనని కూడా నేననను. కాని అడవి తెలిసినవాళ్ళు చెప్పే లెక్క ఒకటుంది, అది వంటింటి లెక్కంత తేలిక. మనం పారేసిన తిండికి కుక్కలూ, పందులూ, కోతులూ, జింకలూ దారి పక్కకి చేరతాయి. వాటికోసం చిరుత చేరుతుంది. చిరుత వచ్చిన వేళకి దారిలో పసిపిల్ల నడుస్తూంటే? ఆ దుర్ఘటన తర్వాత దేవస్థానం వారు నడకదారిలో జంతువులకి తిండి పెట్టగూడదన్నారు. పిల్లల్ని మధ్యాహ్నం 2 గంటలు దాటాక ఆ దారిన పంపకుండా ఆపారు. పెద్దల చేతికి కర్రలిచ్చారు. మన చేతిలో కీరాముక్క ఉన్న రోజునే ఎవరైనా కర్ర చూపించి ఉంటే ఎంత బాగుండేది!

ఆ వార్త చదివిన రోజున నేను గోడమీది ఫోటో దించేశాను.

ఇదంతా విని వదినగారు చాలాసేపు మాట్లాడలేదు. అమీర్‌పేటలో రైలు మారాక ఆఖరి అస్త్రం వేశారు. "పెద్దపెద్దవాళ్ళు రోడ్లకనీ వంతెనలకనీ అడవులే మింగేస్తుంటే ఏమీ అనలేరు గాని, నా సజ్జలే కనబడ్డాయి నీకు!"

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఇది గట్టి ప్రశ్నే. 2016లో కె.బి.ఆర్. చుట్టూ వంతెనల కోసం చెట్లు కొట్టేస్తామంటే ఊరివాళ్ళు రోడ్డెక్కి అడ్డుపడ్డారు. 2020లో ఆ వనం చుట్టూ ఉండాల్సిన రక్షణ వలయాన్ని కొన్నిచోట్ల 3 మీటర్లకి కుదించేశారు. మూడు మీటర్లంటే మా వసారా అంత! 2025లో కంచ గచ్చిబౌలి చెట్ల మీదికి యంత్రాలొస్తే యూనివర్సిటీ పిల్లలు ఎదురు నిలిచారు, సుప్రీంకోర్టు ఆపించింది. ఆ పోట్లాటలు పోట్లాడవలసినవే. నేనూ వెనకాడను. కాని బయట గేటు దగ్గర "అడవిని కాపాడండి" అని అరిచి, లోపలికెళ్ళి సజ్జలు చల్లితే ఏం న్యాయం? వంతెన ఆపడానికి కోర్టు కావాలి. పిడికిలి మూసుకోడానికి ఎవరి ఆర్డరూ అక్కర్లేదు. మిగిలిందే మూడువందల యాభై పైచిలుకు ఎకరాలు, చుట్టూ ఊరు. అందులో ఉన్నవాటికి పారిపోవడానికి ఇంకో అడవి లేదు. వాటిని అడుక్కునేవాళ్ళలా మార్చే హక్కు మనకెవరిచ్చారు?

కాబట్టి అక్కలారా, ఈసారి అడవికి వెళ్ళేటప్పుడు పులిహోర డబ్బా తీసుకెళ్ళకండి. తీసుకెళ్తే మూత తియ్యకండి. ఘాట్ రోడ్డులో కారు అద్దం దించకండి. తొక్కలూ కవర్లూ ఇంటికి తెచ్చి పారెయ్యండి. పిల్లలు "పెడదామమ్మా" అని మారాం చేస్తే, "చూడు, అది తనంతట తను ఎలా తింటోందో" అని చూపించండి. పెట్టే చెయ్యి మాత్రమే గొప్పదని పిల్లలకి నేర్పాం. పెట్టకుండా ఆగే చెయ్యి కూడా దయగలదేనని నేర్పవలసింది మనమే.

ఆ సాయంత్రం వదినగారు వంటింట్లోకొచ్చి, సజ్జల పొట్లం నా ముందు పెట్టి, "పిండి పట్టించు, రేపు రొట్టెలు చేసుకుందాం. నెమలికి లేని ఆకలి నాకుంది" అన్నారు. రొట్టెలు బ్రహ్మాండంగా కుదిరాయి.

వెళ్ళేముందు గోడమీది ఖాళీ మేకు చూసి, "ఇక్కడ జింక ఫోటో ఉండాలే?" అని అడిగారు. బీరువాలో ఉంది, పారెయ్యలేదు. మా అమ్మాయికి పిల్లలు పుట్టి వాళ్ళు తిరుమల మెట్లెక్కే రోజొస్తే తీసి చూపిస్తాను. "అమ్మమ్మ చేసిన తప్పు ఇది, మీరు చెయ్యకండి" అని చెప్పడానికి.