వంటింటి వైద్యం: ఎముకకు పాలపుష్టి
"ఎముకంటే సున్నమే గదా, మాంసకృత్తుల పొడి దేనికి?" అని పెద్దలు అడుగుతుంటారు. ఎముక పరిమాణంలో ఇంచుమించు సగం మాంసకృత్తులే! ఆ అల్లికలోనే కాల్షియం, భాస్వరం చేరి గట్టిపడతాయి. (భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ఫిస్క్‌తో కలిసి ప్రకటించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు చదివింది మన మద్రాసు వైద్య కళాశాలలోనే.)

అరలీటరు ఆవిన్ పాలలో సుమారు 15 గ్రాముల మాంసకృత్తులు, 600 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. పప్పు, పెరుగు బాగా సాగే ఇంట డబ్బా దండుగ. నాలుగు మెతుకులు కతికి లేచే ముసలివారికి, జారిపడితే తుంటి విరిగే వయసులో, ఆ పొడి అక్కరకు వస్తుంది. అయితే పాలతేట నుంచి తీసిన "వే" పొడి చెంచాడులో గ్లాసుడు పాలకున్నంత కాల్షియం ఉండదు. కనుక నీళ్ళలో గాక పాలలోనే కలిపి ఇవ్వండి. ఎండకు చెన్నపట్నంలో కొదవ లేదు, నడకకే కొరత. మూత్రపిండాల జబ్బున్నవారు మాత్రం వైద్యుని అడగనిదే ఆ పొడి ముట్టరాదు.