ఆక్సిజన్ వస్తది, ‘అస్యూమ్’ రాదు

ఊర్లె తెలుగు మీడియంల చదివి డిగ్రీకి పోయిన పిల్లలు ఇంగ్లిష్ పుస్తకంల ఏడ ఆగుతున్నరు? ఆక్సిజన్, ఓల్టేజ్ కాడ ఆగరు. గవి తెలుగు పుస్తకంల గూడ సూసినవే. ‘అస్యూమ్’, ‘డిరైవ్’, ‘హెన్స్’ కాడ ఆగుతరు. అనుకొనుడు, రాబట్టుడు, కాబట్టి... అర్థాలు గింతే. గని ఏ సార్ చెప్పడు, వచ్చే ఉంటయనుకుంటడు. ప్రశ్నల గా ఒక్క మాట సమజ్ గాకుంటే వచ్చిన లెక్క గూడ పోతది.

న్యూజిలాండ్‌ల అవెరిల్ కాక్స్‌హెడ్ అనే మేడం 35 లక్షల పదాల కాలేజీ పాఠాలు జల్లెడ పట్టి, 2000 సంవత్సరంల గిసొంటి మాటల లిస్ట్ తీసింది. మొత్తం 570 పద కుటుంబాలు. కాలేజీ పుస్తకంల పది మాటలకు ఒకటి దాదాపు గిండ్లదే. స్పోకెన్ ఇంగ్లిష్ కోచింగ్‌ల గివి దొరుకుడు తక్కువ.

మామూలు ఇంగ్లిష్ మాటలు వచ్చినంక రోజుకు మూడు పట్టుకున్నా 190 దినాల పని. డిక్షనరీ బట్టీ పట్టకుర్రి. మీ పాఠంల ఆ మాట ఉన్న వాక్యం రాసుకోర్రి. ‘అనలైజ్’ పక్కన ‘అనాలిసిస్’, ‘అనలిటికల్’ పెట్టుర్రి. వారం అయినంక సొంత వాక్యం రాయుర్రి.

తెలంగాణ సర్కారు బడులల్ల 1 నుంచి 8 దాంక ఇంగ్లిష్ మీడియం 2022-23ల షురూ అయింది. మీడియం మారుస్తే అయిపోలె, మాటలు గూడ అందియ్యాలె. డిగ్రీ కాలేజీలు మొదటి నెల గీ పనికే ఇయ్యాలె. గప్పటిదాంక ఫెయిలైన పిల్లలను మొద్దులనే హక్కు ఎవ్వలకు లేదు.