పాట అమ్ముకో బేటా, పేరు అమ్ముకోకు

బంటుమిల్లిలో ఏ షాదీలోనైనా, ఏ చాయ్ దుకాణంలోనైనా మాయాబజార్ పాట మోగితే ఘంటసాల అంటారు, ఎన్టీఆర్ అంటారు. రాసిందెవరని అడగండి, అందరూ ఖామోష్. రాసింది మన బందరులో పెరిగిన పింగళి నాగేంద్రరావు. 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్, 1962లో గుండమ్మకథ, మూడింటి పాటలూ ఆయన కలం నుంచి వచ్చినవే. అదే 1962లో గులేబకావళి కథకి పాటలు రాసిన సి.నారాయణరెడ్డి ఉర్దూ మీడియంలో చదివి తెలుగు పట్టుకున్న మనిషి. నాలాంటివాడికి ఆయనంటే కొంచెం ఎక్కువ మొహబ్బత్.

'డబ్బు పుచ్చుకున్నాడుగా, ఇంకేం హక్?' అంటారు కొందరు. ఇది పాత మాటే. అమెరికాలో స్టీఫెన్ ఫాస్టర్ పాటలు దేశమంతా పాడింది. 1864లో ఆయన ఇంతెకాల్ అయినప్పుడు దగ్గరున్నది 38 సెంట్లు. తర్వాతి తరం శాయర్లు, సంగీతకారులు 1914లో అస్కాప్ పేరుతో ఒక్కటయ్యారు. 'మేం భోజనానికే డబ్బు తీసుకున్నాం, పాటకి కాదు' అని హోటలువాళ్లు వాదించారు. 1917లో అక్కడి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. గిరాకీ కోసమే కదా పాట పెట్టింది!

మన దగ్గర 1977లో సుప్రీంకోర్టు నిర్మాత వైపే నిలిచింది. 2012లో గానీ చట్టం మారలేదు. జావేద్ అఖ్తర్ సాహెబ్ రాజ్యసభలో దీనికోసం గట్టిగా మాట్లాడారు. ఇప్పుడు సినిమా హాలు బయట పాట తెచ్చే రాబడిలో తన హిస్సా వదులుకుంటానని రచయిత రాసిచ్చినా చెల్లదు. సినిమాలో లేని రికార్డు పాటకీ అంతే.

ఇదంతా ఎందుకంటే, మన ఇళ్లలోనూ రాసే పిల్లలున్నారు. యూట్యూబ్ పాట, ఎలక్షన్ పాట, కవ్వాలీ నోటిమాట మీద ఇచ్చేస్తున్నారు. తెర మీద ఛానల్ పేరే మిగులుతోంది. బేటా, దస్తఖత్ చేసిన కాగితం లేకుండా హక్కు చేతులు మారదు. గడువు రాయకపోతే అయిదేళ్లే. మొత్తం అమ్మేసినా 'రాసింది నేనే' అని చెప్పుకునే హక్కు, 57వ సెక్షన్ ప్రకారం, నీదే.

'నాత్ రాసేది సవాబ్ కోసం కదా' అంటారా? పైసా తీసుకోకపోవడం రాసినవాడి ఇష్టం. పేరు చెరిపేయడం ఎవరి ఇష్టం? మజ్దూరుకి చెమట ఆరకముందే ఉజ్రత్ ఇవ్వాలని చిన్నప్పటి నుంచి వింటున్నవాళ్లం. కలం పట్టినవాడూ మజ్దూరే.