మందు జాబితాలో ఉంది.. రోగికే దూరం!

ఒక మందు వాడారు. గుణం కనిపించలేదు. మరొకటి మార్చారు. అదే పరిస్థితి. ఇక ఈ జబ్బు నయం కాదనుకుని చికిత్సే మానేసేవారు పల్లెల్లో ఉన్నారు. తగిన మోతాదులో, తగినంత కాలం రెండు మందులు వాడినా తగ్గకుంటే దాన్ని చికిత్సకు లొంగని కుంగుబాటుగా వైద్యులు పరిగణిస్తారు. వీరిలో కొందరికి ఆరు దశాబ్దాల నాటి పాత మందులు ఆసరా కాగలవు. అవి అందుతున్నాయా అన్నదే ప్రశ్న.

వెనక్కు ఎందుకు తగ్గాయి?
స్విట్జర్లాండ్ వైద్యుడు రోలాండ్ కున్ 1957లో ఇమిప్రమిన్ ఫలితాలను వెల్లడించారు. ఆ తర్వాత అమిట్రిప్టిలిన్ వచ్చింది. 1980వ దశకం చివర్లో ఫ్లూఆక్సెటిన్ వంటివి రావడంతో వీటి వాడకం తగ్గింది. కొత్తవి మరింత శక్తిమంతమైనవని కాదు, వాటితో ముప్పు తక్కువన్నదే ప్రధాన కారణం. అమెరికాలో జరిగిన స్టార్-డి అధ్యయనం ఫలితాలు 2006లో వెలువడ్డాయి. మొదటి మందుతో పూర్తిగా కోలుకున్నది సుమారు మూడోవంతు మందే. తర్వాతి దశల్లో పాత మందులతో కోలుకున్నవారు ఇంకా తక్కువ. అయినా ఆ కొద్దిమందికి అదే జీవితం.

చట్టం ఉన్నా..
మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 ప్రకారం అత్యవసర మందుల జాబితాలోనివాటిని సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పైస్థాయి ప్రభుత్వాసుపత్రులన్నింటిలో ఉచితంగా ఇవ్వాలి. 2022 నాటి జాతీయ జాబితాలో అమిట్రిప్టిలిన్ ఉంది. కానీ బిళ్ల ఉన్నంతమాత్రాన చికిత్స అందినట్లు కాదు. మధుమేహుల నరాల నొప్పికి ఇదే మందును 10, 25 మిల్లీగ్రాముల్లో ఇస్తుంటారు. కుంగుబాటుకు క్రమంగా పెంచుతూ సాధారణంగా 75 నుంచి 150 వరకు ఇవ్వాల్సి ఉంటుంది. చిన్న మోతాదు వాడి పాత మందూ పనిచేయలేదనడం సరికాదు.

జాగ్రత్త తప్పనిసరి
మోతాదు మించితే ఈ మందు గుండె లయను దెబ్బతీసి ప్రాణం తీస్తుంది. ఆత్మహత్య ఆలోచనలున్నవారికి నెల మందులు ఒకేసారి చేతికివ్వడం ప్రమాదకరం. వారానికి సరిపడా ఇచ్చి, కుటుంబ సభ్యుల వద్ద ఉంచాలి. హృద్రోగులకు, వృద్ధులకు ముందుగా ఈసీజీ తీయాలి. ఇందుకు మానసిక వైద్యుడి పర్యవేక్షణ కావాలి. 2015-16 జాతీయ సర్వే ప్రకారం కుంగుబాటు బాధితుల్లో సుమారు 85 శాతం మందికి అసలు చికిత్సే అందలేదు.

చేయాల్సిందేమిటి?
జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వైద్యులు నిర్ణీత రోజుల్లో సామాజిక ఆరోగ్య కేంద్రాలకు వెళ్లాలి. మందులతోపాటు ఈసీజీ సౌకర్యమూ అక్కడే ఉండాలి. రోగులు సొంతంగా మందు మానడం, మార్చడం తగదు. సలహాకు టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఖరీదు లేని మందు కరవై ఒక ఇంటి దీపం ఆరిపోతే ఆ తప్పు రోగిది కాదు, వ్యవస్థది.