మన ఎద్దును చూడటానికి బ్రెజిల్ దాకా వెళ్లాలా?

వేసవి సెలవులకు ముందు మా తరగతిలో ఒక రంగుల కాగితం చేతులు మారింది. ఒక మిత్రుడి మామయ్య దక్షిణ అమెరికా వెళ్దామని తెప్పించుకున్న విహారయాత్ర వివరాలు అందులో ఉన్నాయి. కొలతలు తీసుకుని చొక్కా కుట్టినట్టు, ఎవరికి కావలసిన యాత్రను వారికే తయారు చేసి ఇస్తారట. కొన్ని రోజులు పశుక్షేత్రంలో బస, గుర్రపు స్వారీ. కొన్ని రోజులు చిత్తడి నేలల్లో పక్షులు, జాగ్వార్ల కోసం తిరగడం. చివరగా పోలో ఆట నేర్పుతారు. ధర చూసి అందరం నవ్వేశాం. కానీ ఒక బొమ్మ దగ్గర నవ్వు ఆగిపోయింది. గుర్రం మీద కూర్చున్న కాపరి వెనుక తెల్లటి పశువుల మంద ఉంది. "ఇవి మా అమ్మమ్మ వాళ్ల ఊరి ఎడ్లలా ఉన్నాయే!" అంది ఒంగోలు వైపు నుంచి వచ్చిన మా సహవిద్యార్థిని.

ఆమె అన్నది నిజమేనని తర్వాత తెలిసింది. మన ఒంగోలు జాతినే బ్రెజిల్‌లో 'నెలోర్' అంటారు. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. 1868లో ఒక ఓడలో వెళ్తున్న ఒంగోలు జంటను బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవులో అమ్మేశారని చెబుతారు. 1960ల మొదట్లో మరికొన్ని మేలుజాతి ఎద్దులు వెళ్లాయి. వాటిలో ఒకదాని పేరు 'కర్వాడి'. అది ఒంగోలు పక్కనున్న కరవది గ్రామం పేరే. ఈనాడు బ్రెజిల్‌లో 20 కోట్లకు మించిన పశువులుంటే, వాటిలో అధిక భాగం నెలోర్ లేదా దాని సంకర జాతులే. 2023లో 'వియాటినా-19' అనే నెలోర్ ఆవుకు 40 లక్షల డాలర్లకు పైగా విలువ కట్టారు.

మేము చదువుకుంటున్న గుజరాత్ కథా ఇలాంటిదే. భావనగర్ మహారాజు మంద నుంచి వెళ్లిన 'కృష్ణ' అనే గిర్ ఎద్దు సంతతి బ్రెజిల్ పాడిని మార్చేసింది. ఉత్తర గుజరాత్‌లోని కాంక్రేజ్ జాతికి అక్కడ 'గుజెరా' అని పేరు. మా కామ్‌రేజ్ పేరు వినడానికి దానికి దగ్గరగా ఉన్నా ఊర్లు వేరు. చివరికి ఆ పోలో కూడా మణిపూర్ ఆటే. ఇక్కడి తేయాకు తోటల బ్రిటిష్ వారు నేర్చుకుని తమ దేశానికి తీసుకెళ్తే, అక్కడి నుంచి అర్జెంటీనాకు చేరింది. ఇప్పుడు ఆ ఆటలో అర్జెంటీనాను మించినవారు లేరు.

అంటే, లక్షలు పెట్టి కొనుక్కునే ఆ సెలవులోని ఎద్దు మనది, పాడి మనది, ఆట మనది. ఇది గొప్పలు చెప్పుకోవడానికి కాదు. వాటిని పెంచి, లెక్కలు రాసి, మేలైన సంతతిని తయారు చేసిన శ్రమ బ్రెజిల్ రైతులది. వారు ప్రధానంగా మాంసం కోసం పెంచుతారు, మనవాళ్లు సేద్యం కోసం పెంచారు. ట్రాక్టర్ వచ్చాక ఇక్కడ ఒంగోలు ఎద్దుకు పని తగ్గింది, దానితో సంఖ్యా తగ్గింది. 2002లో హైదరాబాద్‌లో జరిగిన జాతీయ క్రీడలకు చిహ్నంగా 'వీర' అనే ఒంగోలు ఎద్దును ఎంచుకున్నారు. బొమ్మలో దానికి చోటు దొరికింది కానీ కొట్టంలో చోటు తగ్గుతోంది.

మాలో కొందరి తాతలు వరంగల్, సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల పని మీద సూరత్ వచ్చారు. మరికొందరి నాన్నలు హజీరా కర్మాగారాల్లో ఉద్యోగం చేస్తున్నారు. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. అయినా ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నప్పుడు, ఎద్దు మెడ కింద వేలాడే తోలును ఏమంటారో మాలో ఒక్కరికీ తెలియలేదు. ఒకరి నానమ్మకు ఫోన్ చేశాం. "గంగడోలు రా! అది కూడా తెలియదా?" అని, ఆమె అరగంట సేపు తమ ఎడ్ల గురించి చెబుతూనే ఉన్నారు. పలుపు, కుడితి, గాడి వంటి మాటలు ఆ రోజే విన్నాం. వస్తువు కంటికి కనబడకపోతే మాట నోటికి రాదని మాకు అప్పుడు అర్థమైంది.

అందుకే మా అభిప్రాయం ఇది. మన బడి విహారయాత్రలను కూడా మన కొలతలకు కుట్టుకోవాలి. నీటి ఆటల పార్కుకు వెళ్లి, బస్సులో పాటలు పాడుకుని వచ్చే యాత్ర సరదాగానే ఉంటుంది, వద్దనడం లేదు. కానీ జాతీయ విద్యా విధానం 2020 ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక పనివారి దగ్గర నేర్చుకోమంటోంది. వాటిలో మూడు రోజులు మనకు చాలు.

మొదటి రోజు తెల్లవారకముందే కామ్‌రేజ్ తాలూకాలోని ఒక పల్లెకు వెళ్దాం. పాల సహకార సంఘం దగ్గర క్యాన్లు దిగడం, వెన్న శాతం చూసి ధర కట్టడం గమనిద్దాం. పశువులు కాసే భర్వాడ్, రబారీ కుటుంబాల పెద్దలనే ఆ రోజుకు గురువులుగా భావించి, పేడ ఎత్తడం దగ్గర నుంచి నేర్చుకుందాం. రెండో రోజు టింబా దగ్గర గల్తేశ్వర్ వైపు తాపీ నది ఒడ్డున నడుద్దాం. కనిపించిన ప్రతి చెట్టు, పిట్ట పేరును గుజరాతీలో, తెలుగులో, హిందీలో రాసుకుందాం. మూడో రోజు ఆ పల్లె పిల్లలతో వారి మైదానంలోనే ఖోఖో, కబడ్డీ ఆడదాం. మనకు ఆతిథ్యం ఇచ్చినవారికి తగిన రుసుము ఇవ్వడం మరవకూడదు. వారు మన ఫోటోల కోసం నిలబడే బొమ్మలు కారు.

"ట్యూషన్లు పోతాయి, పేడ వాసన, పిల్లలకు దెబ్బలు తగులుతాయి" అని పెద్దలు అనవచ్చు. భద్రత విషయంలో వారి భయం న్యాయమే. ఉపాధ్యాయులు ముందుగా వెళ్లి చూసి రావాలి, చిన్న బృందాలుగానే వెళ్లాలి. కానీ మూడు రోజుల ట్యూషన్ మళ్లీ చెప్పించుకోవచ్చు. పశువును చూసి భయపడే వయసు దాటాక దాన్ని ప్రేమించడం నేర్చుకోవడం కష్టం.

సెలవుల్లో ఊరికి వెళ్లే తెలుగు మిత్రులకు ఒక మాట. సూరత్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే వరంగల్, విజయవాడ మీదుగా ఒంగోలులో దిగవచ్చు. గుంటూరు దగ్గర లాంలో, ప్రకాశం జిల్లా చదలవాడలో ఒంగోలు జాతిని కాపాడే పశుక్షేత్రాలున్నాయి. వీలైతే అనుమతి తీసుకుని చూసి రండి. సంక్రాంతికి వెళ్తే బండలాగుడు పోటీలూ చూడవచ్చు. అయితే ఎద్దు బలానికి చప్పట్లు కొట్టండి, కొరడా దెబ్బకు కొట్టకండి.

ఆ రంగుల కాగితం ఇప్పటికీ మా తరగతి గోడ మీదే ఉంది. ఎప్పటికైనా మాలో ఒకరు బ్రెజిల్ వెళ్తే సంతోషమే. అక్కడ ఆ తెల్లటి మందను చూసినప్పుడు, అది ఏ ఊరి నుంచి వెళ్లిందో, దాని గంగడోలును ఏమంటారో అక్కడి కాపరికి మన మాటల్లో చెప్పగలగాలి. ఆ మాటలు నేర్చుకోవడానికి మాత్రం ముందు పక్క పల్లెకు వెళ్లాలి.