నేలపట్టు అతిథులు

సంగము కడ పెన్నానది నీరు కాలువలలోనికి మరలి పైరులను పెంచుచున్నది. అందుచే అచటివారికి నీరనగానే పొలము జ్ఞప్తికి వచ్చును. కాని నెల్లూరు సీమకు దక్షిణపు కొసన, నాయుడుపేటకును సూళ్లూరుపేటకును నడుమ, పొలమును పక్షిని కూడ పోషించు చెరువొకటి కలదు. అదియే నేలపట్టు చెరువు.

ఈశాన్య ఋతుపవనపు వానలతో చెరువు నిండగనే గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణములు, చింతవక్కలు అచట చేరును. నీటిలో నిలిచిన చెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పెంచును. గూడబాతులు సముద్రతీరమందలి పులికాటు సరస్సు వరకు ఎగిరిపోయి, చేపలను తెచ్చి పిల్లల కందించును. మన దేశపు ఉప్పునీటి సరస్సులలో చిలకా తరువాత పెద్దది పులికాటే.

1976లో ప్రభుత్వము నేలపట్టును పక్షుల అభయారణ్యముగా ప్రకటించెను. దాని విస్తీర్ణము సుమారు 458 హెక్టారులు. అయినను చట్టమునకు ముందే గ్రామస్థులు ఆ పక్షులకు అభయమిచ్చిరి. రెట్టలు కలిసిన చెరువునీరు పైరునకు ఎరువగునని వారెరుగుదురు.

చూపరుల కొఱకు అచట ఎత్తైన మంచెలును, పక్షులను గూర్చి తెలుపు ప్రదర్శనశాలయు ఏర్పడినవి. ఇంకను వసతులు పెంచవలెనని కొందరందురు. దూరమునుండి వచ్చినవారికి త్రాగునీరు, నీడ, మరుగుదొడ్లు వలయుననుట న్యాయమే. వానిని చెరువుకట్టకు దూరముగా కట్టవచ్చును. కాని చెరువులో పడవలు త్రిప్పుట, గట్టున పాటలు మ్రోగించుట తగదు. మనుష్యులు చేరువైనచో తల్లిపక్షి బెదరి గూడు విడచును. ఆ కొద్దిసేపటిలోనే కాకులు గ్రుడ్లను తన్నుకొనిపోవును; లేబ్రాయపు పిల్లలు ఎండకు సొమ్మసిల్లును. పలుమారులిట్లు జరిగినచో పక్షులు ఆ చోటునే త్యజింపవచ్చును.

యాత్రికులు హెచ్చినచో గ్రామమునకు రాబడి హెచ్చుననుట నిజమే. అయితే పక్షులు రాని చెరువునకు యాత్రికులును రారు కదా! కావున పక్షుల నెమ్మదిని కాపాడుటయే గ్రామస్థుల రాబడిని కాపాడుట.

పెన్న యొడ్డు పాఠశాలలనుండి విహారయాత్రకు పోవు బాలబాలికలు ఈ సంగతి గ్రహింపవలెను. ప్రొద్దుటనో సాయంకాలముననో పోయి, మంచె పైనుండి నిశ్శబ్దముగా చూచి, తెచ్చిన కాగితములను సంచులను మరల తీసికొనిపోవలెను. ఆ చెరువు కడ ఇల్లు పక్షులది. మనుష్యులు అచటికి అతిథులు మాత్రమే.