రోడ్డు వెడల్పయింది, తూములు వెడల్పు కాలేదు

దివాన్‌చెరువు, లాలాచెరువు, మోరంపూడి, బొమ్మూరు, వేమగిరి, కడియపులంక, జొన్నాడ. రాజమండ్రి తూర్పు అంచున హైవే మీద వచ్చే పేర్లివి. రెండు పేర్లలో చెరువుంది, ఒక పేరులో లంక ఉంది. ఆ పేర్లు పెట్టినవాళ్లకి ఆ నేల మీద నీళ్లెలా నడుస్తాయో తెలుసు. ఇప్పుడు ఆ దారిన పోయేవాళ్లకి కనిపించేవి పెట్రోలు బంకులు, కల్యాణ మండపాలు, లేఅవుట్ల కమాన్లు, గజం ఇంతని రాసిన బోర్డులు.

2027 పుష్కరాలు దగ్గర పడుతున్నాయి. మన దగ్గర పుష్కరాలంటే ఘాట్లతో పాటు రోడ్లు కూడా. 2015 పుష్కరాల ఏడాదే కొవ్వూరు వైపు నాలుగో వంతెన తెరిచారు. ఇప్పుడు మళ్లీ వెడల్పుల మాట, ఆరు వరసల మాట వినిపిస్తోంది. భూమి ధర గురించి మన సంఘం ఎప్పుడూ గట్టిగానే మాట్లాడింది, ఇక ముందూ మాట్లాడుతుంది. ఈ నెల మేము చెప్పదలచుకున్నది నీటి దారి గురించి. ఇన్నేళ్లూ దీన్ని పట్టించుకోనిది అధికారులు మాత్రమే కాదు, మేము కూడా.

డెల్టాలో రోడ్డంటే మొదట కాలువ గట్టే. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. ఆ కాలువల్ని సాగుకీ పడవలకీ రెండింటికీ పనికొచ్చేలా తవ్వారు. ఇన్ని లాకులున్నది అందుకే. ధాన్యం, కొబ్బరి, బెల్లం పడవల మీదే పోయేవి. పడవని తాడుతో లాగేవాళ్లు నడిచిన గట్టు క్రమంగా బండిబాటయింది, తర్వాత కంకర రోడ్డయింది, ఆ తర్వాత తారు రోడ్డయింది. రాజమండ్రి నుంచి ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు, సామర్లకోట మీదుగా కాకినాడ పోయే కెనాల్ రోడ్డు అలాంటిదే. ఇరుకు రోడ్డు, ఎదురుగా లారీ వస్తే పక్కకి దిగడానికి చోటుండదు. దాన్ని మెచ్చుకోడానికి మాకు మనసొప్పదు. అయినా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ రోడ్డు నీటికి అడ్డం పడలేదు, నీటి పక్కనే నడిచింది. అక్కడ తూము ముందు పుట్టింది, రోడ్డు తర్వాత వచ్చింది. అందుకే పంట బోదె ఎక్కడ బయల్దేరాలో అక్కడే బయల్దేరింది.

హైవే అలా పుట్టలేదు. అది మద్రాసు నుంచి కలకత్తా పోవడానికి వేసిన దారి. మన చేలు దానికి మధ్యలో తగిలాయి. అయిదో నంబరు జాతీయ రహదారిగా ఉన్న రోజుల్లో అది రెండు వరసల రోడ్డు. ఎడ్లబండి అడ్డంగా దాటేది, గేదెలు దాటేవి, చెట్ల నీడన కూలీలు అన్నాలు తినేవారు. తర్వాత నాలుగు మహానగరాల్ని కలిపే స్వర్ణ చతుర్భుజి వచ్చింది. మొత్తం 5,846 కిలోమీటర్లు. మన ముక్క అందులో కలిసి నాలుగు వరసలయింది. 2010లో నంబరు మారి 16 అయింది. ఊరి బయటి రోడ్డు కాస్తా ఊరి నడిబొడ్డు రోడ్డయిపోయింది. 2022లో జిల్లాలు విడగొట్టాక తూర్పు గోదావరి కలెక్టరేటు కూడా బొమ్మూరుకే వచ్చింది. మోరంపూడి కూడలిలో ఎన్నో ప్రాణాలు పోయాక గాని ఫ్లైఓవర్ రాలేదు.

ఈ రోడ్డు వద్దని మేము అనడం లేదు. కడియం నర్సరీల మొక్కలు దేశమంతా పోతున్నది దీని మీదే. రావులపాలెం మార్కెట్ యార్డులో అరటి గెలలు ఎక్కిన లారీ ఒరిస్సా వైపు ఆగకుండా పోవాలి. గెల పండితే ఎదురుచూసేవాడుండడు. రోడ్డు వల్ల బాగుపడిన రైతులు మనలోనే ఉన్నారు, ఆ మాట దాచక్కర్లేదు.

ఇబ్బంది వేమగిరి దగ్గర డెల్టా మొదలైనప్పటి నుంచి వస్తుంది. పల్లపు నేల మీద ఎత్తుగా మట్టి పోసి రోడ్డు వేస్తే అది రోడ్డొక్కటే కాదు, గట్టు కూడా. గట్టు వేసినప్పుడు నీటికి దారి ఇవ్వాలన్నది ఏ నీటి సంఘం మనిషినడిగినా చెబుతాడు. రెండు వరసల రోజుల్లో తూములు ఉండేవి. వెడల్పు చేసినప్పుడు చాలాచోట్ల ఆ తూమునే పొడుగు చేశారు. లావు అంతే ఉంచి పొడుగు పెంచితే ఏమవుతుందో కాలువలో పూడిక తీసిన ప్రతివాడికీ తెలుసు. మనిషి లోపలికి దూరలేడు, పార చేరదు. ఒక సార్వాకి ఒండ్రు, ఇంకో సార్వాకి గుర్రపుడెక్క, మూడో ఏటికి ప్లాస్టిక్ సంచులు.

అది సగం కథ. మిగిలిన సగం లేఅవుట్లది. రోడ్డు పక్క చేను అమ్ముడవుతుంది. కొన్నవాళ్లు టిప్పర్లతో ఎర్రమట్టి తోలి రోడ్డెత్తుకి లేపుతారు. తూముకి అవతలి నోరు ఆ మట్టి కిందకి పోతుంది. ఇంజనీరు లెక్కలో కల్వర్టు ఉంటుంది, నంబరు కూడా వేసి ఉంటుంది. నీళ్లు మాత్రం వెళ్లవు. వ్యవసాయ భూమిని వేరే పనికి మార్చడానికి 2006లో చట్టం చేశారు. ఫీజు కడితే మార్పు జరిగిపోయింది గాని, ఆ చేను మీదుగా పోయే బోదె కిందనున్న పది ఎకరాల సంగతి అడిగినవాళ్లు మాకు కనపడలేదు.

మా సభ్యుడొకరికి హైవేకి కింద ఎకరంన్నర ఉంది. రెండేళ్ల క్రితం సార్వాలో ఊడ్పులైన వారానికి వానొచ్చింది. పై చేలల్లో నీళ్లు రెండో రోజుకి దిగిపోయాయి, ఈయన చేలో తొమ్మిది రోజులు నిలిచాయి. నారు కుళ్లిపోయింది, మళ్లీ నారు కొని ఊడ్చాడు. ఆఫీసుకి వెళితే తూము రోడ్డువాళ్లదన్నారు. రోడ్డువాళ్లు, అవతలి మట్టి మాది కాదన్నారు. లేఅవుట్‌లో ప్లాట్లన్నీ అమ్ముడైపోయాయి, అడగడానికి అక్కడ మనిషే లేడు. ఆ సభ్యుడు ఇప్పుడు ఆ ఎకరంన్నరకి బేరం పెట్టాడు. అతన్ని తప్పుపట్టే ధైర్యం మాకు లేదు. బలవంతంగా ఎవరూ తీసుకోకుండానే భూమి ఇలా చేతులు మారిపోతోంది.

ఇది ఒక చేను గొడవ కాదు. పడమర వైపు ఎర్రకాలువ పొంగితే నిడదవోలు, తాడేపల్లిగూడెం చేలు ఎలా మునుగుతాయో 2024 జులైలో మళ్లీ చూశాం. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు ధర, కూలి ఖర్చులతో పాటు మురుగు పోదన్న బాధ కూడా చెప్పుకున్నారు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. కమిటీలు వస్తాయి, పోతాయి. మురుగు కోడు అక్కడే ఉంటుంది.

ఇంకో మాట, పుంతల గురించి. హైవేకి రెండు వైపులా చేలున్న రైతు ట్రాక్టరు తిప్పుకోడానికి అండర్‌పాస్ దాకా పోయి రావాలి. కోత మిషనుకి అద్దె గంటల లెక్కన. ఆ తిరుగుడు కూడా మన ఖాతాలోనే. కళ్లాలు పోయాక దాళ్వా ధాన్యం సర్వీసు రోడ్డు మీద ఆరబెడుతున్నాం. తేమ 17 శాతానికి దిగకపోతే కొనరు మరి. రోడ్డు మీద ధాన్యం ప్రమాదమని పోలీసులు చెప్పే మాట నిజమే. ఎక్కడ ఆరబెట్టాలో కూడా ఎవరైనా చెబితే బాగుండు.

ఇక మా తప్పు. భూసేకరణ వచ్చినప్పుడల్లా మేము ధర కోసం కొట్లాడాం. అది అవసరమే. 1997 నుంచి 2014 దాకా హైవేలకి తీసుకున్న భూములకీ సొలేషియం, వడ్డీ ఇవ్వాల్సిందేనని 2019లో సుప్రీంకోర్టు చెప్పిందంటే, రైతులు కోర్టుల చుట్టూ తిరగబట్టే. అయితే ధర భూమి పోయినవాడికి వస్తుంది. నీళ్లు నిలిచేది భూమి పోనివాడి చేలో. అతని పేరు ఏ అవార్డులోనూ ఉండదు. అతని తరఫున మేము ఒక్క కాగితం కూడా రాయలేదు.

రాయడానికి చోటుంది. 1956 జాతీయ రహదారుల చట్టంలో 3-ఎ నోటిఫికేషన్ గెజిట్‌లో వచ్చిన నాటి నుంచి 21 రోజుల్లోగా అభ్యంతరం రాసివ్వచ్చు. పరిహారం కట్టేటప్పుడు ధరొక్కటే కాదు, కమతాన్ని ముక్కలు చేసినందుకు వచ్చే నష్టం, మిగిలిన ఆస్తికీ సంపాదనకీ కలిగే చెరుపు కూడా లెక్కలోకి తీసుకోవాలని 3-జి చెబుతోంది. మనవాళ్లలో ఎక్కువమంది ఆ లైను కింద ఏమీ రాయకుండానే సంతకం పెట్టి వచ్చేశారు.

కౌలు రైతు సంగతి ఇంకా కష్టం. 2013 భూసేకరణ చట్టం మూడేళ్లుగా అక్కడ సాగు చేసుకుని బతుకుతున్న కౌలుదారు కుటుంబాన్ని కూడా బాధిత కుటుంబంగానే చూస్తుంది. 2019 చట్టం కింద వచ్చిన సాగుదారు కార్డేమో పదకొండు నెలలకే, అదీ యజమాని ఒప్పుకుంటేనే. పదకొండు నెలల కార్డుతో మూడేళ్ల సాగు రుజువు చెయ్యమంటే ఎలా? గ్రామ కమిటీలు కౌలుదారుల పేర్లు, ఏ చేను ఏ ఏడు చేశారన్నది ఇప్పటి నుంచే రాసి పెట్టాలి.

అందుకని ఈ వేసవిలో, దాళ్వా కోతలయ్యాక, సార్వాకి కాలువలు వదిలే లోపు, హైవే వెంబడి ఉన్న ప్రతి గ్రామ కమిటీని ఒక పని చెయ్యమని అడుగుతున్నాం. మీ ఊరి హద్దులో రోడ్డు కింద ఉన్న తూములన్నీ లెక్కపెట్టండి. రెండు నోళ్లూ చూడండి. ఎంత లావు, ఎంత పూడింది, అవతల ఏముంది, దాని కింద ఎన్ని ఎకరాలు, ఎవరివి, కౌలు ఎవరిది అన్నది రాయండి. మూసుకుపోయిన పుంతలు కూడా రాయండి. సర్వే నంబర్లు తప్పనిసరి. ఫోన్లో ఫొటో తీస్తే ఇంకా మంచిది. ఒక కాపీ నీటిపారుదల శాఖకి, ఒకటి హైవే వాళ్లకి, ఒకటి లేఅవుట్లకి అనుమతిచ్చే రుడాకి పోవాలి, ఇంకొకటి సంఘం ఆఫీసులో ఉండాలి. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే 21 రోజులు చాలవు. తూము లోపలికి టార్చిలైటు వేసి చూసేటప్పుడు ఒక్కరే వెళ్లకండి, పాములుంటాయి.